ఎంగిలి ముద్ద

ఐలీ కంగాస్ ఇంటి వసారా తలుపుకి ఒక అట్టముక్క వేలాడుతుంటుంది. "తుమ్ములుంటే ఇక్కడే ఆగండి, మీరు ఎవరైనా సరే" అని. ఆ చివరి ముక్క మా పాస్టరు గారి కోసం కలిపింది. ఒక చలికాలం ఆయన ముక్కు చీదుకుంటూ లోపలికి రాబోతే, ఐలీ ఆయన్ని వసారాలోనే నిలబెట్టి, ప్రార్థన కూడా అద్దం తలుపు అవతలి నుంచే చేయించుకుని పంపించేసింది. మనుషుల జలుబు ఆవిడ ఇంట్లో పెంచే ఫెర్రెట్లకి అంటుకుంటుంది. మనం నాలుగు రోజులు మూలిగి లేచి తిరుగుతాం, అవి లేవవు. ఈ మాట ఆవిడ పాస్టరుకైనా పోస్టుమ్యానుకైనా ఒకే గొంతుతో చెబుతుంది. ఆ గొంతు రేవు దాకా వినిపిస్తుంది.

నా పేరు రోండా. ఆవిడ పక్కింట్లో ఉంటాను. చాలా ఏళ్ళు స్కూలు బస్సు నడిపాను గనక అరుపులకి బెదరను. మా ఇద్దరి స్నేహం ఇన్నాళ్ళు నిలబడటానికి కారణం అదేననుకుంటాను.

సరస్సు ఒడ్డునున్న మా యాష్టబ్యూలాలో ఫెర్రెట్‌ని పెంచుకునేవాళ్ళు ఎవరైనా సరే, ఏదో ఒకనాటికి ఐలీ వంటింట్లో తేలాల్సిందే. ముంగిసని పట్టుకుని సాగదీసినట్టుండే ఆ జంతువుని కాలేజీ పిల్లలు ముచ్చటపడి కొనుక్కుంటారు, కంపు భరించలేక ఆవిడ గుమ్మంలో వదిలేసి పోతారు. కుర్రవాటికి ఐలీ ఇళ్ళు వెతికి పెడుతుంది. ముసలివీ జబ్బువీ ఆవిడకే మిగిలిపోతాయి. "ముసలాళ్ళని ఎవరు తీసుకెళ్తారే? నిన్నెవరైనా తీసుకెళ్తున్నారా?" అంటుంది నాతో. చెప్పొద్దూ, ఆవిడ నాకంటే పెద్దది.

ఐలీ పేరు చెబితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది జావ. కోడిని ఎముకలతో సహా ప్రెషర్ కుక్కర్లో పడేసి, ఎముక వేళ్ళ మధ్య సుద్దలా నలిగేదాకా ఉడికించి, గుండెకాయా కాలేయమూ కలిపి మిక్సీ పట్టి, ఐసు ట్రేలలో పోసి గడ్డ కట్టిస్తుంది. జబ్బు చేసిన ఫెర్రెట్ ఉన్న ప్రతి ఇంటికీ ఆ జావ బిళ్ళలు సంచుల్లో వెళ్తాయి. వాటి పేగు పొట్టిది. తిన్నది ఇట్టే అరిగిపోతుంది కాబట్టి నాలుగేసి గంటలకోసారి గోరువెచ్చగా పెడుతూనే ఉండాలి. ఎండుద్రాక్షలూ బిస్కెట్లూ ఆవిడ గడప దాటవు. తేనె సీసా ఒకటి పై అరలో ఉంటుంది గానీ, అది ఫెర్రెట్ కళ్ళు తేలేసినప్పుడు చిగుళ్ళకి రాయడానికి మాత్రమే. తీపి తగలగానే లేచి కూర్చుంటుంది కదా అని మురిసిపోయి అదే పనిగా నాకించి దాన్ని మళ్ళీ పడగొట్టేవాళ్ళు ఉంటారు. వాళ్ళని ఐలీ తిట్టే తిట్లు నేను రాయలేను.

తమాషా ఏమిటంటే, ఇన్ని కోళ్ళని ఉడకబెట్టిన ఈ మనిషి మాంసం ముట్టదు. చిన్నప్పుడు ఆవిడ పెంచుకున్న పెట్టని వాళ్ళ నాన్న ఆదివారం భోజనంలోకి వడ్డించాడట. ఆనాటి నుంచి ఒక్క ముక్క నోట పెట్టలేదు. చర్చిలో చికెన్ విందు పెడితే నూడుల్సూ బంగాళదుంపా తిని, ఏలకుల రొట్టె మీద కసి తీర్చుకుంటుంది. జావ వేడి కూడా మణికట్టు మీద చుక్క వేసుకునే చూస్తుంది.

ఆ జావకి పెద్ద సాక్ష్యం డెల్మర్ ప్రూట్ గారి బటన్. డెల్మర్ రేవులో బొగ్గు క్రేన్లు నడిపి రిటైరైన మనిషి, పెళ్ళాం పోయాక ఒంటరివాడు. బటన్ ఆయన ఫెర్రెట్, గుండ్రటి నల్లటి కళ్ళవాడు. ముందటేడు వాడికి క్లోమంలో గడ్డ లేచింది. ఆ గడ్డ ఒంట్లో చక్కెరని ఉన్నట్టుండి మింగేస్తుంది. వెనక కాళ్ళు ఈడుస్తాడు, చొంగ కారుస్తాడు, నోరు గీరుకుంటాడు, శూన్యంలోకి చూస్తూ ఉండిపోతాడు. జంతువుల డాక్టరమ్మ మందు చుక్కలు రాసిచ్చి, తిండి ఆగకుండా చూసుకోమంది, ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పింది. డెల్మర్ వారం వారం ఐలీ దగ్గర జావ సంచి తీసుకెళ్ళాడు. ఏడాది దాటింది, బటన్ డెల్మర్ బూట్లలో దూరి మేజోళ్ళు ఎత్తుకుపోతూనే ఉన్నాడు.

"చూశావా? ఎవడి జావ?" అనేది ఐలీ, వాడు కనబడినప్పుడల్లా.

"నీదేలే తల్లీ. చర్చి గోడ మీద చెక్కిద్దాం" అనేదాన్ని నేను.

పోయిన ఫిబ్రవరిలో డెల్మర్ తన మెట్ల మీద మంచుకి జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అంబులెన్సు ఎక్కిస్తుంటే కూడా ఆయన గోల బటన్ గురించే. ఐలీ వెళ్ళి వాడిని దుప్పటితో సహా ఎత్తుకొచ్చింది. "నువ్వొచ్చేసరికి వీణ్ణి పొట్టేసుకుని కూర్చోబెడతాను. నువ్వు నడవడం నేర్చుకో, అంతే" అని మాటిచ్చింది. ఆవిడ మాటిస్తే దానికి తిరుగుండదు. తిరుగుంటుందని ఆవిడకి కూడా ఎప్పుడూ తోచలేదు.

అయితే బటన్ జావ ముట్టలేదు.

మొదటి రోజు బెంగ అనుకుంది. కొత్త చోటు కదా, ఏదో కాస్త మూతి తడుపుకుంటే చాలనుకుని తేలిగ్గా తీసుకుంది. ఆ మర్నాడు గిన్నె మార్చింది, వెచ్చదనం మార్చింది, చేపనూనె చుక్క వేసింది, వేలితో ముక్కుకి రాసింది. వాడు ముక్కు తుడుచుకుని మొహం తిప్పేసుకున్నాడు. సిరంజితో పోస్తే పళ్ళు బిగించి, పోసినదంతా ఆవిడ స్వెటర్ మీదే కక్కాడు. నాకు పడిశం పట్టి ఉంది కాబట్టి నన్ను వసారాలోనే ఆపేసింది. దుప్పటి చుట్టుకుని, అద్దం తలుపు సందులోంచి సలహాలు పారేయడమే నా పని.

"ఇదే జావ ఏడాదిగా తింటున్నాడు కదే!" అంది ఐలీ నా వైపు తిరిగి. ఆవిడ కంగారు పడటం నేను అదే చూడటం. "నా చేతి వంట వీడికి కొత్తా?"

"ఉప్పు తక్కువైందేమో."

"నోర్ముయ్, రోండా."

ఆ మధ్యాహ్నం బటన్ కళ్ళు తేలేశాడు. సరస్సు మీంచి మంచు విరుచుకుపడి అన్ని రోడ్లూ మూసేశారు. డాక్టరమ్మ ఫోన్లో ఒక్కటే మాట చెప్పింది: తేనె రాయండి, తేరుకున్న వెంటనే మాంసం లోపలికి వెళ్ళాలి, లేకపోతే ఈసారి పడితే లేవడు. పై అరలోంచి తేనె సీసా దిగింది. ఐలీ చిగుళ్ళకి రాసింది. కాసేపటికి వాడు తల ఎత్తాడు. ఆవిడ జావ పెట్టింది. వాడు తల తిప్పుకున్నాడు.

అప్పుడు ఐలీ డెల్మర్‌కి ఫోన్ చేసి, స్పీకరు పెట్టి బల్ల మీద పడేసింది.

"ఏమయ్యా డెల్మర్, వీడికి ఎలా పెడతావు నువ్వు?"

"ఎలా ఏముంది? జావేగా" అన్నాడు డెల్మర్. మత్తుమందుల గొంతు. "కాస్త ఓపిక పట్టు, తింటాడు."

"ఓపిక పట్టడానికి వీడి దగ్గర టైము లేదు. మొదట్నుంచీ చెప్పు. పొయ్యి వెలిగించిన దగ్గర్నుంచి."

"పొయ్యి వెలిగిస్తా. కోడి తొడ ఉడకేస్తా."

"కోడి తొడ ఎందుకు? జావ ఉందిగా?"

డెల్మర్ అటు పక్క నర్సుని నీళ్ళు అడిగాడు.

"డెల్మర్!"

"కుర్చీలో కూచుంటా. వాడు గుండె మీదికి ఎక్కుతాడు. నేను తింటా. వాడూ తింటాడు."

"వాడు ఎలా తింటాడు?"

"నేను నమిలి పెడతాను ఐలీ" అన్నాడు డెల్మర్. "మెత్తగా నమిలి, వేలి మీద పెడితే నాకుతాడు. అలా తప్ప తినడు. నన్ను మీ ఫెర్రెట్లవాళ్ళ గుంపులోంచి వెళ్ళగొట్టకు."

ఐలీ మొహం ఎర్రబడింది. తుమ్మినవాణ్ణి గుమ్మం ఎక్కనివ్వని మనిషి. "నీ ఎంగిలా! ఏడాదిగా వాడికి నీ ఎంగిలి పెడుతున్నావా? నీకు జలుబు చేస్తే? నీకు జ్వరం వస్తే? తలుపు మీద ఏం రాసి పెట్టానో చదువు రాదా నీకు?"

"వచ్చు. అందుకే చెప్పలేదు. జలుబు చేసినప్పుడు మాస్కు కట్టుకుని, ఆ నాలుగు రోజులూ సిరంజితో కోడిరసం పోస్తూ నానా తంటాలూ పడ్డాను. మొదట్లో నీ జావే పెట్టాను, ఒట్టు. ముట్టలేదు. నేను భోంచేస్తుంటే పైకెక్కి నా పెదాల మీంచి లాక్కున్నాడు. ఆకలితో ఉన్నవాణ్ణి కాదనలేకపోయాను."

"మరి నేను వారం వారం ఇచ్చిన జావ? సంచులకి సంచులు?"

"నేనే తిన్నాను" అన్నాడు డెల్మర్ చిన్నగా. "ఉప్పూ మిరియం వేసి, ఉప్పు బిస్కెట్లు నంజుకుంటే బానే ఉంటుంది."

నేను వసారాలో నవ్వాపుకోలేక దగ్గు తెచ్చుకున్నాను. ఐలీ నా వైపు చూసిన చూపుకి దగ్గు కూడా ఆగిపోయింది. ఆ గొప్ప జావ, ఊరంతా చెప్పుకున్న జావ, ఒక్క చుక్క కూడా బటన్ పొట్టలోకి పోలేదు. ఆవిడకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. కానీ చూస్తూ కూర్చోడానికి అది సమయం కాదు. దుప్పట్లో బటన్ మళ్ళీ చొంగ కార్చడం మొదలుపెట్టాడు.

ముందు ఆవిడ మోసం చేసి చూసింది. ఉడికిన కోడి తొడని కత్తితో సన్నగా కొట్టి, వేడినీళ్ళతో మెదిపి, వేలి మీద పెట్టింది. వాడు వాసన చూశాడు. మనసులో ఏమనుకున్నాడో గానీ కళ్ళు మూసుకున్నాడు.

"నేను లోపలికొచ్చి నమలనా?" అన్నాను తలుపు సందులోంచి.

"ఆ పడిశంతోనా? వాణ్ణి చంపడానికి ఆ గడ్డ చాలు, నువ్వు అక్కర్లేదు."

ఐలీ సింకు దగ్గరికి వెళ్ళి నోరు పుక్కిలించింది. ఇంకోసారి పుక్కిలించింది. తర్వాత వచ్చి బల్ల దగ్గర కూర్చుని, బటన్‌ని దుప్పటితో సహా గుండెకి ఆనించుకుంది. పళ్ళెంలోంచి ఒక ముక్క తీసింది. దాన్ని చాలాసేపు చూసింది. ఏడేళ్ళ పిల్లప్పుడు వదిలేసినదాన్ని డెబ్బై దాటాక నోట పెట్టుకుంది. నమిలింది. కళ్ళ వెంట నీళ్ళు బుగ్గల మీదికి కారుతున్నాయి, దవడ మాత్రం ఆగలేదు. నాకు ఆ పూట ఆవిడ మీద కలిగిన ప్రేమ నా అక్కచెల్లెళ్ళ మీద కూడా ఎప్పుడూ కలగలేదు.

బటన్ ముక్కు కదిలింది. తల ఎత్తాడు. ఆవిడ గడ్డం దాకా పాకి, పెదాల దగ్గర వాసన పీల్చాడు. ఐలీ ముద్దని వేలి మీదికి తీసుకుంది. వాడు నాకాడు. వేలు శుభ్రంగా తుడిచేసి, ఇంకేది అన్నట్టు ఆవిడ నోటికేసి చూశాడు.

"ఐలీ? ఏమైంది? ఐలీ, ఉన్నావా?" బల్ల మీద ఫోన్లోంచి డెల్మర్ అరుస్తున్నాడు.

ఆవిడ రెండో ముక్క నములుతోంది.

"ఉంది డెల్మర్!" అని నేను తలుపు సందులోంచి కేక పెట్టాను. "నోట్లో కోడి ఉంది, మాట్లాడలేదు!"

అటు నుంచి ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. డెల్మర్ ఏడుస్తున్నాడని కాసేపటికి గానీ అర్థం కాలేదు. బటన్ తొడంతా తిన్నాడు. ఐలీ వాణ్ణి పడుకోబెట్టి, సింకు దగ్గరికి పరిగెత్తి కడుపులో ఉన్నదంతా కక్కేసింది. మొహం కడుక్కుని వచ్చి, "మళ్ళీ నాలుగు గంటలయ్యాక" అంది. అంతే. ఎక్కడా గొణగలేదు.

ఆ తర్వాత ఆవిడ పంతం పట్టింది. ఎంగిలి తప్పే, ఆ మాట మీంచి ఆవిడ దిగలేదు. ఇన్నాళ్ళూ ఏమీ కాకపోవడం డెల్మర్ అదృష్టమని తేల్చింది. కాబట్టి ముద్దలో తెలియకుండా జావ కలపడం మొదలుపెట్టింది. ముందు గోటి కొస మీద పట్టేంత. బటన్ పసిగట్టి ఒక పూట అలిగితే మర్నాడు తగ్గించేది, ఆ పై రోజు మళ్ళీ కలిపేది. నమిలేది తగ్గుతూ, జావ పెరుగుతూ వచ్చింది. చివరికి నమలడం మాని, వేలి మీద జావే పెట్టింది. వాడు గుర్తుపట్టనట్టే నాకేశాడు. ఆ రోజు ఐలీ వీధిలోకి వచ్చి మరీ నాకు చెప్పింది, మంచులో, చెప్పుల్లేకుండా.

"చూశావా? ఎవడి జావ?"

డెల్మర్ మాత్రం కుంగిపోతున్నాడు. నా పడిశం తగ్గాక, ఆయనకి మళ్ళీ నడక నేర్పే చోటికి వెళ్ళి చూశాను. కిటికీ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నేర్పే అమ్మాయి వచ్చి పిలిస్తే రేపు అన్నాడట, రేపు పిలిస్తే ఎల్లుండి అన్నాడట.

"ఏంటయ్యా ఈ పడక? బటన్ నీ కోసం చూడడా?"

"ఎందుకు చూస్తాడు? ఐలీ అన్నీ మాన్పించి బాగు చేసిందిగా. నా కంటే బాగా చూసుకుంటోంది" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, అదే నాకు భయం వేసింది. "క్లీవ్‌లాండ్‌లో నా మేనకోడలు ముసలాళ్ళ హోము చూసింది. జంతువుల్ని రానివ్వరట. పర్లేదు. ఈ కాలితో ఇంటికెళ్ళి నేను చేసేదేముంది? ఒకసారి వచ్చి వాణ్ణి చూసి, ఐలీకి అప్పజెప్పి వెళ్ళిపోతాను."

ఐలీకి ఈ సంగతి చెబితే జావ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. తిడుతుందనుకున్నాను. "ఎప్పుడొస్తాడట?" అని మాత్రం అడిగింది.

శనివారం వస్తానన్నాడు. ఆ ఉదయం నేను కాఫీకి వెళ్ళేసరికి ఐలీ నేల మీద మోకాళ్ళేసుకుని ఉంది. నోటికి అడ్డంగా వేలు పెట్టుకుని నన్ను కదలొద్దంది. బటన్ మూలనున్న గిన్నె దగ్గరికి తనంతట తనే వెళ్ళాడు. వాసన చూశాడు. మూతి పెట్టి, ఆగకుండా, అడుగు కనబడేదాకా నాకేశాడు. ఎవరి వేలూ లేదు, ఎవరి నోరూ లేదు. గెలిచింది ఐలీ. ఇక ఎక్కడికి పంపినా, ఎవరు పెట్టినా వాడు తింటాడు.

నేను చప్పట్లు కొట్టబోయాను. ఐలీ లేచి ఆ గిన్నె తీసుకుని, కడిగి, ఆరడానికి పెట్టింది. వేరే గిన్నెలో కాస్త జావ తీసి బల్ల మీద పెట్టింది.

డెల్మర్‌ని మేనకోడలు కారులో దింపి వెళ్ళింది. ఆయన నాలుగు కాళ్ళ ఊతం పట్టుకుని లోపలికి వచ్చాడు, మనిషి సగమయ్యాడు. కుర్చీలో కూలబడి, "బాగా ఒళ్ళు చేశాడు" అన్నాడు బటన్‌ని చూసి. చేయి చాచలేదు. "నేను చెప్పాను కదా ఐలీ, నీ దగ్గరే..."

"నా దగ్గరెందుకు? తీసుకుపో వీణ్ణి" అంది ఐలీ. "నావల్ల కాదు. నాకు ఇంటినిండా జబ్బువాళ్ళున్నారు. వీడు చూస్తే గిన్నె ముట్టడు."

డెల్మర్ తలెత్తాడు. "జావ తింటున్నాడన్నావుగా?"

"జావ తింటాడు. వేలి మీద పెడితే తింటాడు. నమిలే దరిద్రం మాన్పించాను, వేలు మాత్రం మాన్పించలేకపోయాను. నాలుగు గంటలకోసారి నా వేలు ఎక్కణ్ణుంచి తేను? నువ్వు అలవాటు చేశావు, నువ్వే పడు." బల్ల మీది గిన్నె ఆయన ముందుకి తోసింది. "చూడు, నమ్మకపోతే."

డెల్మర్ వేలిని జావలో ముంచాడు. బటన్ ఐలీ ఒళ్ళోంచి దిగి, బల్ల దాటి, ఆయన చొక్కా పట్టుకుని గుండె మీదికి ఎక్కాడు. వేలు నాకాడు. గడ్డం నాకాడు. కడుపులో అప్పటికే చాలినంత ఉన్నా మళ్ళీ వేలికోసం చూశాడు.

"గిన్నెలో అసలే తినడా?" అన్నాడు డెల్మర్. ఆయన కళ్ళు తుడుచుకోవడానికి ఖాళీ చేయి లేదు.

నాకు తెలిసి ఐలీ కంగాస్ అబద్ధమాడదు. మీ ఫెర్రెట్ ఈ వారం దాటదు అని మొహం మీద చెప్పే మనిషి. పాస్టరు ప్రసంగం బాగాలేకపోతే గుమ్మంలో ఆపి మరీ చెప్పే మనిషి.

"అసలే తినడు" అంది.

డెల్మర్ ఇంకోసారి వేలు ముంచాడు. అటు గోడగడియారం కేసి చూసి, మధ్యాహ్నం ముద్దకి ఇంట్లో కాస్త జావ కావాలి కదా, ఒక సంచి ఇస్తావా అన్నాడు. మేనకోడలికి ఫోన్ చేయమన్నాడు, క్లీవ్‌లాండ్ సంగతి తర్వాత చూద్దామని చెప్పమన్నాడు. నేను ఫోన్ తీసి నంబరు నొక్కాను. సింకు పక్కన పొద్దున బటన్ నాకేసిన గిన్నె తడారకుండా కనబడుతోంది. అది ఆయన కంట పడేలోపు దాని మీద తుడుపుగుడ్డ వేశాను.